అత్తగారి సంచి

దర్జీ పిన్ని బాంబు పట్టుకుని విమానాశ్రయాల్లోకి వెళ్ళి వస్తుంటుందని చెబితే ఆ వీధిలో ఒక్కరంటే ఒక్కరు నమ్మరు. నమ్మకపోగా, చెప్పినవాడికి మతి చలించిందని నెత్తిన రెండు చెంబుల చన్నీళ్ళు గుమ్మరిస్తారు. ఆవిడా? వీధి చివర మిషను కుట్టుకునే ఆవిడా? గట్టిగా తుమ్మితే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అని నొచ్చుకునే మనిషా? ఇదిగో, జనం సరిగ్గా ఇలా అనుకుంటారనే ఆవిడకి ఆ ఉద్యోగం ఇచ్చారు.

కంగారు పడకండి, అది ఉత్తుత్తి బాంబు. పేలదు, కాలదు, పొగ కూడా రాదు. సబ్బుబిళ్ళంత దిమ్మ, దానికి నాలుగు తీగలు, ఒక బుల్లి గడియారం, అంతే. యంత్రంలోంచి చూస్తే మాత్రం అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. దాన్ని సంచిలో పెట్టుకుని, మామూలు ప్రయాణికురాలిలా వరసలో నిలబడి, తనిఖీ దాటి అవతలికి చేరాలి. అది ఆవిడ పని. పట్టుకుంటే తనిఖీవాళ్ళు గట్టివాళ్ళన్నట్టు, పట్టుకోలేకపోతే వాళ్ళకి పైవాళ్ళ చేత అక్షింతలు పడతాయి. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, పిన్ని వెళ్ళిన ప్రతిచోటా అక్షింతలే పడ్డాయి. ఆవిణ్ణి ఇంతవరకూ ఒక్కడూ పట్టుకోలేదు.

ఈ ఉద్యోగాన్ని ఆవిడ వెతుక్కుంటూ వెళ్ళలేదు. అదే వచ్చి ఒళ్ళో పడింది. కొన్నేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాలిద్దరూ మొట్టమొదటిసారి విమానం ఎక్కారు. తనిఖీ దగ్గర ఆవిడ చేతిలోని మంచినీళ్ళ సీసా లాక్కున్నారు. ఆయన బెల్టు విప్పించారు. పాపం, ఆ మహానుభావుడు రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని, ఆ గుమ్మంలోంచి అటూ ఇటూ మూడుసార్లు నడిచాడు. తీరా విమానం గాల్లోకి లేచాక, కళ్ళజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే పిన్ని చేతికి తగిలింది ఏమిటి? మూరెడు పొడుగున్న బట్టలు కత్తిరించే కత్తెర! ముందురోజు పనిలో పడి సంచి అడుగున మర్చిపోయింది.

ఇంకొకరైతే నోరు మూసుకుని ఇంటికి పోయేవారు. పిన్ని దిగీ దిగగానే కత్తెర చేత్తో పట్టుకుని సరాసరి భద్రతాధికారి గదికి వెళ్ళింది.

"ఇదేం తనిఖీ అయ్యా? మా ఆయన బెల్టు మీకు ప్రమాదంగా కనబడింది గానీ, ఇది కనబడలేదా? కళ్ళున్నాయా, అద్దెకిచ్చారా?"

ఆ అధికారి కత్తెర వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. తలదువ్వి బిగించి కట్టిన ముడి, భుజాన గోధుమరంగు సంచి, మళ్ళీ చూస్తే గుర్తుపట్టలేని ముఖం. ఆయనే తర్వాత ఆవిడకి పై అధికారి అయ్యాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"అమ్మా, మీరు ఇలా మళ్ళీ చెయ్యగలరా?" అన్నాడు.

"అయ్యో రాత! నేనేమన్నా కావాలని చేశానా?"

"కావాలని చేస్తే జీతం ఇస్తాం."

అదీ సంగతి. పిన్నికి మిషను చప్పుడు తప్ప వేరే లోకం తెలియదనుకున్న దేవుడు, ఒక్కసారిగా ఆవిణ్ణి నకిలీ బాంబులిచ్చి దేశం మీదికి వదిలాడు. నియమం ప్రకారం ఇంట్లో కూడా చెప్పకూడదు. అందుకని బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కంపెనీలో కొలతలు తీసే పని అని చెప్పింది.

"కొలతలకి ఇన్ని ఊళ్ళు తిరగాలా?" అని మొగుడు ఆశ్చర్యపోయాడు.

"పిల్లలు అన్ని ఊళ్ళలోనూ ఎదుగుతారుగా మరి!" అంది పిన్ని. ఆయన ఒప్పుకున్నాడు. ఎదగరని ఎలా అంటాడు?

ఆవిడ అంత తేలిగ్గా ఎలా దాటిపోయేదో చెప్పాలంటే, ముందు ఆ వరసలో నిలబడ్డవాళ్ళ సంగతి చెప్పాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. సామెతలో తడుముకున్నవాడు దొంగే. తనిఖీ వరసలో మాత్రం తడుముకునేవాళ్ళంతా ఏ పాపమూ ఎరగనివాళ్ళు. చెమటలు కక్కుతారు, అడగకుండానే జేబులు బోర్లిస్తారు, పళ్ళపొడి డబ్బా గురించి సంజాయిషీ చెప్పుకుంటారు. తనిఖీవాళ్ళు కూడా వాళ్ళనే పట్టుకుని పీకుతారు. పిన్ని సంచిలో బాంబు పెట్టుకుని, ముందున్నావిడ పాపాయిని ఆడిస్తూ, ఆవులిస్తూ వెళ్ళిపోయేది.

ఒకవేళ సంచి తెరిచారే అనుకోండి. పైనే, యంత్రం తెర మీద చూసినా ముందు అదే కనబడి బాంబుకి అడ్డు పడేలా, ఒక బుల్లి కత్తెర పెట్టేది, ఎర కింద. అది దొరకగానే వాళ్ళకి పండగ. "ఇది తీసుకెళ్ళకూడదమ్మా!" అని గొప్పగా తీసి పక్కన పడేసేవాళ్ళు. ఒకటి దొరికింది కదా, మనిషికి తృప్తి. దొంగ దొరికాడన్న సంబరంలో వాడి వెనకున్న రెండోవాణ్ణి ఎవరూ చూడరు. తీసేశాక సంచిని మళ్ళీ యంత్రంలో పెట్టి చూడాలని వాళ్ళకి రూలుంది. వెనకాల వరస విసుక్కుంటుంటే ఎవడు పెడతాడు?

అక్కడికీ లోపలికి చెయ్యి పెట్టే మొండివాడు తగిలితే, వాడికి ఆఖరి అస్త్రం ఉంది. బాంబుని ఆవిడ తన లోపలి బట్టల్లో చుట్టి పెట్టేది. వేళ్ళకి ఆ మెత్తటి చుట్టలు తగలగానే ఎంతటి మగాడైనా నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కునేవాడు. ఆడవాళ్ళు ఉంటారు గానీ, వాళ్ళు అవతల గుడ్డ తెర వెనక ఆడ ప్రయాణికుల్ని తడిమే పనిలో తలమునకలై ఉంటారు. "సరే సరే, వెళ్ళండమ్మా" అనేసి జిప్పు లాగేవాళ్ళు.

"ఈసారి ఎలా వెళ్ళారండీ?" అని పెద్దాయన ప్రతిసారీ తల పట్టుకునేవాడు.

"నడిచి వెళ్ళానండీ" అనేది పిన్ని. ఆవిడకి కాస్త గర్వం కూడా వచ్చిందనే చెప్పాలి.

అలాంటి పిన్నికి అల్లుడు దొరికాడు. ఎలాంటి అల్లుడు? సాక్షాత్తూ విమానాశ్రయంలో తనిఖీ ఉద్యోగి! సంబంధం కుదిరిన రోజు పిన్నికి నవ్వాగలేదు. అల్లుడు వస్తున్నాడని సంబరపడుతోందనుకున్నారు అంతా.

కుర్రాడు బంగారం. ఆ ఉద్యోగమంటే ప్రాణం. పరీక్ష మళ్ళీ మళ్ళీ రాసి, ఎలాగోలా సంపాదించుకున్నాడు. ఇంటికొచ్చినా ఆ ధ్యాసే. మామగారు బజారు నుంచి సంచి తెస్తే, తెరవకుండానే దూరం నుంచి కళ్ళు చికిలించి, "అడుగున ఏదో సీసా ఉంది మావయ్యా, మూత వదులుగా ఉన్నట్టుంది" అనేవాడు. ఇక అత్తగారి దగ్గర చెప్పక్కర్లేదు. కుర్చీ అంచున కూర్చునే రకం. ఆవిడ లేస్తే లేచేవాడు, కూర్చుంటే కూర్చునేవాడు. మోకాళ్ళ నొప్పితో ఆవిడ మాటిమాటికీ లేచి కూర్చుంటే, ఆ పూట అల్లుడికి కసరత్తే.

ఆ మధ్య ఒక పరీక్షలో తప్పాడు. ఎవరో నకిలీ తుపాకీ తెస్తే వదిలేశాడట. ఆ ఎవరో ఎవరో పిన్నికి తెలుసు, తమ ఆఫీసులోనే పని చేసే లావుపాటి మనిషి. వాడు కనబడితే పీక పిసకాలనిపించింది ఆవిడకి.

"అమ్మా, ఇంకొక్కసారి తప్పితే ఉద్యోగం పీకేస్తారట," అని కూతురు ఫోనులో ఏడ్చింది. "నిద్రలో కూడా సంచి తెరవండి, సంచి తెరవండి అని కలవరిస్తున్నాడే. అది పోతే మనిషి ఏమైపోతాడో అని భయంగా ఉంది."

"ఎవరూ పీకరు, నువ్వేడవకు," అంది పిన్ని. 

ఇప్పుడు అసలు కథ.

ఆ రోజు పిన్ని వెళ్ళింది తన ఊరూ కాదు, కూతురి ఊరూ కాదు, మూడో ఊరు. తెలిసినవాళ్ళున్న చోటికి పంపకూడదన్నది వాళ్ళ నియమాల్లో మొదటిది. పెద్దాయన అప్పటికే తనిఖీకి అవతల, టీ కొట్టు ముందున్న బెంచీ మీద పేపరు విప్పుకుని కూర్చున్నాడు. పిన్ని తనిఖీ దాటి వచ్చి ఆ బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంటే పరీక్ష ముగిసినట్టు, అక్కడివాళ్ళు తప్పినట్టు.

ఆవిడ తాపీగా వరసలో నిలబడింది. ఒక ముసలాయనకి చెప్పులు విప్పడంలో సాయం చేసింది. గోధుమరంగు సంచి తీసి యంత్రంలోకి కదిలే బెల్టు మీద పెట్టింది. సంచి యంత్రం నోట్లోకి వెళ్ళింది. పిన్ని తలెత్తి చూసింది.

అవతల సంచులు వెతికే బల్ల దగ్గర, చేతులకి నీలం తొడుగులు వేసుకుని, అల్లుడు!

కూతురి ఊళ్ళో ఉండాల్సిన అల్లుడు. ఇక్కడ కొత్త వరస తెరిచారట, మనుషులు చాల్లేదట, ముందురోజు సాయంత్రమే కబురు పెట్టి వారం రోజులకి రప్పించారట. ఇవన్నీ పిన్నికి తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం ఆవిడకి తెలిసింది ఒక్కటే, సంచి యంత్రంలో ఉంది, అల్లుడు అవతల ఉన్నాడు.

ఏం చెయ్యాలి? ఆగండాగండి, ఇది పరీక్ష, వీడు నా అల్లుడు అని అరిస్తే పరీక్ష పాడవుతుంది, ఇన్నాళ్ళ గుట్టూ రట్టవుతుంది. ఊరుకుంటే అల్లుడి నోటి దగ్గర కూడు తన చేతులతోనే లాగేసినట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. యంత్రంలోకి వెళ్ళిన సంచి వెనక్కి రాదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి అల్లుడు పట్టగలడా?

'దేవుడా, ఇన్నాళ్ళూ నిన్నేమీ అడగలేదు. ఈ ఒక్కసారి నన్ను పట్టించు,' అని మొక్కుకుంది పిన్ని. బాంబు మోసేవాళ్ళెవరూ ఇలాంటి మొక్కు మొక్కి ఉండరు.

"అత్తయ్యా!" అల్లుడి ముఖం వెలిగిపోయింది. తొడుగులున్న చేతులతోనే దణ్ణం పెట్టాడు. "మీరేంటి ఇక్కడ?"

"కొలతలకొచ్చా నాయనా. నువ్వేంటి?"

"వారం రోజులకి ఇక్కడ వేశారు అత్తయ్యా. టిఫిన్ తిన్నారా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నిలబడే ఉన్నారేంటి, కుర్చీ తెప్పించనా?"

"గోధుమరంగు సంచిలో కత్తెరుంది, చూడండి," అంది యంత్రం తెర ముందు కూర్చున్న అమ్మాయి.

అల్లుడు నీరుగారిపోయాడు. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి. రూలు. ఒక్కసారి సంచి తెరవాలి."

"నేనెందుకు అనుకుంటాను? బాగా తెరువు నాయనా! నీ పని నువ్వు చెయ్యి!" అంది పిన్ని, ఆ చివరివాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా.

తెరిచాడు. బుల్లి కత్తెర దొరికింది. అమ్మయ్య అనుకుని తీసి పక్కన పెట్టాడు.  అల్లుడి చెయ్యి ఇంకొంచెం లోపలికి వెళ్ళింది. ఇంకొంచెం. వెళ్ళు నాయనా, వెళ్ళు. వేళ్ళకి మెత్తటి చుట్ట తగిలింది. అవి ఏ బట్టలో ఆ అబ్బాయికి తెలిసిపోయింది. చెవుల దాకా ఎర్రబడి, చెయ్యి చటుక్కున లాగేసి, జిప్పు మూసేశాడు.

"మళ్ళీ మిషన్లో పెట్టరా?" అంది తెర ముందు అమ్మాయి.

"అక్కర్లేదండీ. మా అత్తగారు," అన్నాడు అల్లుడు. ఆ ఒక్క మాటతో బాంబుకి దారి దొరికింది.

సంచి భుజాన వేసి, రెండు చేతులూ జోడించి, "క్షేమంగా వెళ్ళి రండత్తయ్యా" అన్నాడు. పిన్నికి ఏడుపొచ్చింది. ఒరేయ్ పిచ్చి తండ్రీ, అత్తగారైతే మాత్రం సంచి వదిలేస్తారురా? నీ మర్యాద మండా! ఇవన్నీ గొంతు దాకా వచ్చి ఆగాయి. నోటితో మాత్రం "సరే నాయనా" అంది.

టీ కొట్టు అక్కడికి అంత దూరమేమీ లేదు. పిన్ని మాత్రం చాలాసేపు నడిచింది. దారిలో ఉన్న ప్రతి దుకాణం ముందూ ఆగింది. జన్మలో కొనని సెంటు సీసాల ధరలు అడిగింది. చెప్పు పట్టీ విప్పి మళ్ళీ పెట్టుకుంది. చివరికి బెంచీ రానే వచ్చింది.

"కూర్చోండి," అన్నాడు పెద్దాయన పేపరు వెనక నుంచి.

"మోకాళ్ళ నొప్పండీ. కాసేపు నిలబడతాను."

"మోకాళ్ళ నొప్పైతే కూర్చోవాలి కదండీ."

"నాది కూర్చుంటే వచ్చే రకం."

పెద్దాయన పేపరు దించి ఆవిడ ముఖంలోకి చూశాడు. పిన్ని ఇక ఆపుకోలేకపోయింది. "ఆ బల్ల దగ్గరున్నవాడు మా అల్లుడండీ," అంది. 

పెద్దాయన ఏదో అనబోయేలోగా ఆవిడే తేల్చుకుంది. తప్పు తప్పే. ఎవరి అల్లుడైనా తప్పే. ఇవాళ తను నిలబడి కాపాడితే, రేపు ఇంకెవరి సంచినో ఇంకెవరి అత్తగారో అనుకుని వదిలేస్తాడు. ఆ విమానంలో ఎవరి పిల్లలుంటారో. ఆవిడ కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళు పట్టుకుని, బెంచీ మీదికి వంగింది.

"అత్తయ్యా! ఆగండి!"

సగం వంగిన పిన్ని సగంలోనే ఆగిపోయింది. అల్లుడు పరిగెత్తుకొస్తున్నాడు. టోపీ ఎక్కడో పడిపోయింది, ఒక చేతికే తొడుగుంది. వచ్చి, సంచి పట్టీ పట్టుకున్నాడు.

"అత్తయ్యా, ఈ సంచి మళ్ళీ మిషన్లో పెట్టాలి."

పిన్ని గుండె ఎగిరి గంతేసింది. కానీ ఇక్కడే వచ్చింది తిరకాసు. బాంబు బయటపడేదాకా మామూలు ప్రయాణికురాలిలాగే గొడవ పెట్టాలి, పట్టు వదలకూడదు. అదీ నియమమే. బెంచీకి ఇంకా ఒళ్ళు ఆనలేదు కాబట్టి పరీక్ష ముగియలేదు. ఆవిడ నిటారుగా లేచి, లోపలి సంతోషాన్నంతా తొక్కిపట్టి, గొంతు సవరించుకుంది.

"ఏమయ్యా! అత్తగారి సంచి నడిబజార్లో లాగుతావా? ఇదేనా నువ్వు నేర్చుకున్న మర్యాద?" లోపల: శభాష్ నాయనా!

"తప్పే అత్తయ్యా. క్షమించండి."

"నా బట్టలు పదిమందిలో పరుస్తావా? రేపు నా గడప తొక్కుతావా నువ్వు?" లోపల: వదలకు, వదలకు!

అల్లుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం పట్టీ వదల్లేదు. "తిట్టండత్తయ్యా. ఇంటికి రానివ్వకండి. మీ అమ్మాయి కూడా తిడుతుంది. కానీ ఇది వేరేవాళ్ళ అత్తగారి సంచైతే నేను మళ్ళీ మిషన్లో పెట్టేవాణ్ణి. మీదని పెట్టలేదు. మీ వెనకే ఒకావిడ చంటిపిల్లతో వెళ్ళింది, ఆవిడ సంచి మాత్రం మళ్ళీ పెట్టాను. అప్పట్నుంచీ చెయ్యి ఆడట్లేదు నాకు."

అత్తగారి ముందు అంత పొడుగు మాట అతను ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంకేం తిట్టాలో పిన్నికి తోచలేదు. అల్లుణ్ణి ఎప్పుడూ తిట్టి ఎరగదాయె. "నీ... నీ అంతు చూస్తా!" అంది ఎలాగో. అల్లుడు తలొంచుకుని, సంచి తీసుకుని, ముందు నడిచాడు.

సంచి యంత్రంలోకి వెళ్ళింది. తెర మీద బట్టలన్నీ పల్చగా పొగలా కనబడ్డాయి. వాటి మధ్య నల్లటి దిమ్మ, నాలుగు తీగలు, గుండ్రంగా గడియారం. తెర ముందు అమ్మాయి కెవ్వుమని ఎర్ర మీట నొక్కింది.

ఇక చూడాలి ఆ సందడి! గంటలు మోగాయి. చెప్పులు విప్పినవాళ్ళు విప్పినచోటే వదిలేసి పరిగెత్తారు. బెల్టులు విప్పినవాళ్ళ పరిస్థితి చెప్పక్కర్లేదు. ఇద్దరు తుపాకుల వాళ్ళు ఎక్కడి నుంచో ఊడిపడి పిన్ని వైపు గురిపెట్టారు. జీవితంలో మొట్టమొదటిసారి అంతమంది తన వంకే చూస్తుంటే పిన్నికి ఏం చెయ్యాలో తెలియక, అలవాటు కొద్దీ కొంగు సర్దుకుంది.

అప్పుడు అల్లుడు బల్ల మీంచి దూకాడు. దూకి ఆవిడ ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"దించండి! తుపాకులు దించండి! ఆవిడకేం తెలీదు! ఎవరో పెట్టారు, మా అత్తగారు చీమకి కూడా హాని చెయ్యరు!"

అంతలో వెనకనున్న సంచి గుర్తొచ్చింది. అటు తిరిగి ఆవిడకీ సంచికీ మధ్య నిలబడ్డాడు. మళ్ళీ తుపాకులు గుర్తొచ్చి ఇటు తిరిగాడు. ఎటు అడ్డు నిలబడాలో తెలియక ఆవిడ చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడు.  "భయపడకండత్తయ్యా, నేనున్నా. నా వెనకే ఉండండి," అంటున్నాడు. అతను తిరుగుతున్నాడు కాబట్టి ఏది వెనకో ఆవిడకి అర్థం కావట్లేదు.

పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. అది బాంబని నమ్మి, ఈ పిల్లాడు పారిపోలేదు. తన కోసం దాని ముందు నిలబడ్డాడు. కన్నకొడుకున్నా ఇంతకన్నా ఏం చేస్తాడు? లోపలి జేబులోంచి తన ఉద్యోగపు కార్డు తీసి పైకెత్తింది.

"ఆపండి! పరీక్ష! ఇది పరీక్ష!" అంటూ పెద్దాయన పేపరు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

గంటలు ఆగాయి. అల్లుడు కార్డు చదివాడు. అందులో ఫోటో చూశాడు, అత్తగారిని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"అయితే... కొలతలు?"

"లేవు నాయనా."

"బడిపిల్లల యూనిఫారాలు?"

"అవీ లేవు."

"మోకాళ్ళ నొప్పి?"

"అది ఉంది."

తుపాకుల వాళ్ళలో ఒకడు ముందు నవ్వాడు. తర్వాత తెర ముందు అమ్మాయి. తర్వాత ప్యాంట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళతో సహా వరస వరసంతా నవ్వింది. పెద్దాయన మాత్రం ముఖం గంభీరంగా పెట్టుకుని పిన్నిని పక్కకి పిలిచాడు.

"బెంచీ మీద కూర్చున్నారా?"

"లేదండీ. సగం వంగాను. నిజం చెప్పాలిగా."

"సగం వంగడం కూర్చోవడం కాదు," అన్నాడు పెద్దాయన. "మొదటిసారే మిషన్లో పెట్టనందుకు నాలుగు చీవాట్లు ఎలాగూ తప్పవు. ఉద్యోగానికేం ఢోకా లేదు. పట్టుకున్నాడు. మిమ్మల్ని ఒకడు పట్టుకున్నాడండీ పిన్నిగారూ!"  ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాడో పాపం.

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని, ఉత్తుత్తి బాంబు పెద్దాయన చేతిలో పెట్టి, సంచి కోసం చెయ్యి చాచింది. అది అక్కడ లేదు. అల్లుడి చేతిలో ఉంది. అతను లేచి, దుమ్ము దులుపుకుని, కొత్త తొడుగులు వేసుకుంటున్నాడు.

"అయిపోయింది కదా నాయనా. ఇటివ్వు."

"ఇందాక కత్తెర దొరికిందని ఆపేశాను," అన్నాడు అల్లుడు. "ఇప్పుడు ఇది దొరికిందని ఆపేస్తానా?"

"అందులో ఇంకేం లేదయ్యా. ఒట్టు. నా మాట నమ్మవా?"

అల్లుడు ఆవిడ ముందు ఎప్పటిలాగే వినయంగా, కాస్త వంగి నిలబడ్డాడు.

"నమ్మనత్తయ్యా," అన్నాడు.

అని సంచి బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, కళ్ళజోడు పెట్టె, టేపు, దారపు ఉండలు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పట్టి చూశాడు. లోపలి బట్టల చుట్టలు ఒక్కొక్కటీ విప్పి, దులిపి, మడతలు పెట్టాడు. చెవులు ఎర్రబడలేదు. వెనకాల వరస విసుక్కుంటోంది, అతను తలెత్తలేదు. సంచి అస్తరు మీద వేళ్ళు పోనిస్తూ ఒకచోట ఆగి, "ఇక్కడ కుట్టు కొత్తగా ఉంది, లోపల జేబుంది. ఇదెందుకు?" అని అడిగాడు.

"వచ్చే నెల పరీక్షకి," అంది పిన్ని.

అల్లుడు ఆ జేబు కూడా విప్పి, ఖాళీగా ఉందని చూసి, మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు. ఇంత వయసొచ్చినా ఆవిడ ముఖం మీద నమ్మను అన్నవాళ్ళు లేరు. అందరూ నమ్మేసి, ముఖం వంకైనా చూడకుండా దాటిపోనిచ్చినవాళ్ళే. ఇవాళ ఒకడు నమ్మనన్నాడు. పిన్నికి ఎంత సంతోషంగా ఉందంటే, అధికారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, అతను ఆఖరి దారపు ఉండ సర్దేదాకా అక్కడే నిలబడింది.